తీతమ్మ అడిగిన నాలుగో మాట

గంగులప్ప అనే గాడిదకు ఒక మంచి గుణం ఉంది. తన మాటలు ఎంత బాగున్నాయో కనిపెట్టే శ్రమ ఎదుటివాళ్లకు పెట్టేవాడు కాదు. తనే ముందుగా మెచ్చేసుకునేవాడు. ఇంతకన్నా పరోపకారం ఏముంటుంది?

బడికి పోయినవాడు కాదు. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించిన నోటీసులు పీక్కుని తినడమే అతని చదువు. మైదా జిగురు రుచికి మొదలుపెట్టాడు గానీ, "యావన్మందికీ తెలియజేయడమేమనగా" లాంటివి కొన్ని అరక్క కడుపులోనే ఉండిపోయాయి.

ఊరవతల ఏరు. ఎండాకాలం ఏరంటే ఇసుకే. ఆ ఇసుకలో గుంట తీస్తే నీళ్లూరుతాయి. దాన్నే చెలమ అంటారు. ఎవరి చెలమ వాళ్లు తవ్వుకుని, తాగి, తర్వాత వచ్చేవాళ్లకు వదిలి పోవడం అక్కడి జంతువుల వాడుక. ఆ ఏడు ఊట లోపలికి దిగిపోయింది. నీళ్లున్న ఒకే ఒక్క చెలమలో కర్రెమ్మ అనే బర్రె పడుకుని గట్లు కూలదోసింది. పెద్ద జగడమైంది.

నక్క జంబన్న ముందుకొచ్చాడు. "నేను కాపలా ఉంటానప్పా. నాకేం వేరే పని లేదు గదా."

"నీకు పని లేకపోవడమే మా భయం" అంది ఒక మేక.

"భయమెందుకు? కట్టడి పెట్టుకుందాం" అని గంగులప్ప ఇసుక దిబ్బ ఎక్కి గొంతు సవరించుకున్నాడు. "చెలమ ఒకటే, కాపరి ఒకడే! తాగిపోవాలే గాని తీసుకుపోరాదు! తగవొస్తే కాపరి మాటే కడమాట!"

అందరూ తలలూపారు. ఒడ్డున గులకరాళ్లలో గుడ్లు పెట్టుకున్న తీతువు పిట్ట, తీతమ్మ, మాత్రం ఊపలేదు.

"బాగుందన్నా. మరి కాపరే తప్పు చేస్తే? 'కాపరి తప్పితే అందరం కూడి దింపేస్తాం' అని నాలుగో మాట కూడా పెట్టు."

గంగులప్ప దాన్ని లోలోపల అనుకుని చూసుకున్నాడు. చెవులు వాలిపోయాయి. "నడక చెడుతుంది చెల్లీ. ఈ మూడూ డప్పు కొట్టినట్టున్నాయి. నాలుగోది పెడితే డప్పు చిరిగినట్టుంటుంది."

"నీకు నడక ముఖ్యమన్నా. నాకు గుడ్లు."

"జంబన్న మీద నమ్మకం లేదా ఏంది?"

జంబన్న ఎదురుగానే కూర్చుని పళ్లు చూపిస్తుంటే లేదని ఎవరంటారు? కట్టడి మూడు మాటలతోనే ఖాయమైంది.

మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. వరస, వంతు, గట్లు పదిలం. తర్వాత కర్రెమ్మ ఎవరిదో దోసతోట కంచెను కొమ్ములతో లేపి జంబన్నకు దారిచ్చింది. మర్నాటి మధ్యాహ్నం ఆమె చెలమలో మెడదాకా ఉంది.

"ఇదేంది జంబన్నా?" అన్నాడు గంగులప్ప.

"తాగతా ఉంది. పెద్ద ఒళ్లు గదా, ఒంటితో తాగుతాది. కడమాట నాదే గదప్పా?"

ఆ ఎండకు గులకరాళ్లు నిప్పుల్లా కాలుతున్నాయి. తీతువులు పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. తీతమ్మ చెలమలో కూర్చోబోతే జంబన్న అడ్డం వచ్చాడు.

"తాగిపోవాలే గాని తీసుకుపోరాదు."

"గుడ్లు ఉడికిపోతాయి జంబన్నా!"

"నేననిందా ఈ మాట? గంగులప్ప అనిందే. ఎంత సొగసుగా అన్నాడనీ!"

పోట్లాడదామని వచ్చిన గంగులప్పకు, ఇంకొకరి నోట తన మాట వినగానే చెవులు రెండూ నిక్కాయి. సిగ్గేసి ఒకదాన్ని దించుకున్నాడు. "అయితే పక్కన ఇంకో గుంట తవ్విస్తా" అన్నాడు.

"చెలమ ఒకటే" అన్నాడు జంబన్న మెత్తగా.

ఇక నీళ్లకు రాళ్లు తీసిన క్వారీ గుంటే దిక్కు. అది దూరం. "నేనొచ్చేదాకా నీడ పట్టన్నా" అని గూడు చూపించి ఎగిరిపోయింది తీతమ్మ. ఆ గూడు కోసం జంబన్న ఎన్నాళ్లుగానో తిరుగుతున్నాడు. దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె కుంటినట్టు నటించి, అరిచి, వేరే దిక్కుకు తీసుకుపోయేది. రాళ్ల రంగే గుడ్లదీ. చూసినా కనపడవు.

పొద కూడా లేని ఆ బయల్లో ఇప్పుడు ఒక గాడిద, మండుటెండలో, మేత మేయకుండా కదలకుండా నిలబడి ఉంది. ఏటి పొడుగునా ఎక్కడి నుంచి చూసినా కనపడుతుంది. గంగులప్పకు అది తట్టలేదు. తను మంచి పని చేస్తున్నానన్న సంగతే తట్టింది.

కాసేపటికి చెలమ దగ్గర నుంచి కేక. "గంగులప్పా! పైనుంచి గొర్రెల మంద దిగింది. కట్టడి తెలీక తోసుకుంటున్నాయి. నేను చెబితే ఏం బాగుంటాది? నువ్వు చెప్పాల!"

గుడ్ల వైపు చూశాడు. మంద వైపు చూశాడు. ఒక్కసారి చెప్పి వచ్చేద్దామనుకున్నాడు.

చెప్పాడు. గొర్రెలు నోళ్లు తెరుచుకుని విన్నాయి. "ఇంకోసారి చెప్పు మామా" అంది ఒకటి. మళ్లీ అందుకున్నాడు. కాపరి చోటు ఖాళీగా ఉండడం అప్పుడు చూశాడు. అదే క్షణాన గులకరాళ్ల మీద నుంచి తీతమ్మ అరుపు. అప్పటికి "కాపరి మాటే" దాకా వచ్చాడు. "కడమాట" కూడా అనేసి పరుగెత్తాడు.

పెంకులు మిగిలాయి. తీతమ్మ పొట్ట నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నీడ పట్టమన్నానన్నా. జెండా పాతమన్నానా?" అంది. పొట్ట ఆరేదాకా ఆ వట్టి రాళ్ల మీదే కూర్చుంది.

సాయంత్రం అందరూ కూడి జంబన్నను దిగిపొమ్మన్నారు. అతను మూతి నాక్కుంటూ, "దింపొచ్చని ఎక్కడుందప్పా?" అన్నాడు. అందరి కళ్లూ గంగులప్ప మీదికి తిరిగాయి. చివరికి వానలకు ఏరు పారి చెలమను కలిపేసుకుంది గనక జంబన్న పోయాడు. వాళ్లు దింపితే కాదు.

నీళ్లు ఒకరి చేతిలో పెట్టే రోజే, ఆ చెయ్యి తప్పించే దారీ చెప్పుకోవాలి.

మరుసటి ఎండాకాలం కట్టడిలో నాలుగో మాట చేరింది. గంగులప్ప దాన్నే అన్నిటికన్నా ముందు చెబుతాడు. చెప్పేటప్పుడు తీతమ్మ వైపు చూడడు. ఆ మాట ఇప్పటికీ అతని చెవికి ఇంపుగా లేదు. ఇంపుగా లేని మాటను చివరిదాకా వినడం అతనింకా నేర్చుకోలేదు.