రాజుగారి నీలి చెమట

మణిగిరి ఏలే పెదతిమ్మ భూపతికి దేవుడనిపించుకోవాలని ఎప్పటినుంచో సరదా. వైశాఖపు ఎండల్లో ఆ సరదా తీరే యోగం పట్టింది. కొలువులో మెడ తుడుచుకుంటే చేతిలోని తెల్లగుడ్డ నీలమైంది.

"ఏమిటిది?" అన్నాడు, కాస్త భయంగానే.

ఆస్థాన వైద్యుడు శరభయ్య ముసలివాడు, ముఖస్తుతి నేర్చుకునే తీరిక దొరకనివాడు.

"చెమటకు రంగు రావడానికి చాలా దారులున్నాయి ప్రభూ. తిన్న తిండి కావచ్చు, మింగిన మందు కావచ్చు. కొందరి ఒంటి తత్వమే అంత. తమరి విషయంలో మాత్రం భుజం మీది కొత్త నీలి ఉత్తరీయం మీదే నా అనుమానం. ఒక్క పూట తీసి చూడండి."

రాజుకు భయం పోయింది గానీ మొహం చిన్నబోయింది. పురోహితుడు సోమయాజులు అది కనిపెట్టాడు.

"నీలమేఘశ్యాముడి అంశ ఒంట్లోంచి పొంగుతుంటే బట్ట రంగంటాడా? ఇది దైవద్రోహం ప్రభూ."

రాజుకు ఈ మాట రుచించింది. తన పేర గుడి కట్టాలని, సోమయాజులే దానికి ధర్మకర్త అని, శరభయ్య పొద్దుగూకేలోగా పొలిమేర దాటాలని ఆజ్ఞలు వెలువడ్డాయి.

సింహాసనం పక్కన నిలబడి తాంబూలం చుట్టి అందించే అడపకత్తె నాగసాని ఆ మాట విని, చుడుతున్న ఆకు పక్కన పెట్టింది. పోయినేడు జ్వరాన పడ్డ ఆమె కూతురు బతికిందంటే శరభయ్య చలవే. అయితే దేవుణ్ణని మురుస్తున్న మగవాడితో కాదని వాదించడం దండగని ఆమెకు తెలుసు. అవుననడమే మేలు, కాస్త గట్టిగా.

"ప్రభూ, ఇంత గొప్ప సంగతి కనిపెట్టిన అయ్యగారికి ఉత్త ధర్మకర్త పదవేనా? మన ఆనవాయితీ ఉందిగా. తమరు కప్పుకున్న ఉత్తరీయమే ఆయనకు కప్పి, ఏనుగెక్కించి ఊరేగించాలి."

ఏనుగనగానే సోమయాజులుకు మిట్టమధ్యాహ్నమని గుర్తు రాలేదు. రాజు ఉత్తరీయం తీసి ఆయనకు కప్పాడు.

వీధివీధీ తిరిగి వచ్చేసరికి పొద్దు వాలింది. సోమయాజులు ఏనుగు దిగాడు. మెడ నుంచి బొజ్జ దాకా నీలం. జంధ్యం కూడా నీలమే.

నాగసాని హారతి పళ్ళెం పట్టుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"దేవుళ్ళు ఇద్దరయ్యారు ప్రభూ. హారతి ముందు ఎవరికివ్వను?"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏమయ్యా, నువ్వూ అంశేనా?"

అవునంటే తల పోతుంది. కాదంటే గుడి పోతుంది. సోమయాజులు తల దక్కించుకున్నాడు.

"నాది... బట్ట రంగు ప్రభూ."

"అయ్యో, ఆ మాటన్నవాళ్ళను పొలిమేర దాటిస్తున్నారండీ," అంది నాగసాని. "పోనీలెండి. శరభయ్యగారు ముసలాయన, ఒంటరిగా ఎలా పోతాడా అని దిగులుపడ్డాను. తోడు దొరికింది."

రాజు మరో తెల్లగుడ్డతో మెల్లగా తన మెడ తుడుచుకున్నాడు. గుడ్డ తెల్లగానే ఉంది. కోప్పడాలో నవ్వాలో కాసేపు తేలలేదు. చివరికి నవ్వాడు. రాజు నవ్వేదాకా ఆగిన కొలువంతా అప్పుడు పగలబడి నవ్వింది.

"శరభయ్యను వెనక్కి పిలవండి. గుడి సంగతి ఎవరూ ఎత్తొద్దు," అని, మెడలోని కెంపుల హారం తీసి నాగసాని చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని కళ్ళకద్దుకుని, కొంగుతో ఓసారి గట్టిగా రుద్ది చూసింది.

"ఇది రంగు దిగదు కదా ప్రభూ?"