పప్పన్నం ముద్ద

డాక్టర్ హంసిని మూడు రోజులుగా ఉడికిపోతోంది. నాలుగు నెలలు గ్రాము గ్రాము తూచి నిలబెట్టుకొచ్చిన వైద్యాన్ని ఒక తల్లి ఒక్క ముద్దతో నేలపాలు చేసిందని ఆమె కోపం.

పిల్లల ఫిట్స్ వార్డులో పెద్ద డాక్టరు ఇమ్మానుయేలు గారి దగ్గర ఆమె పని నేర్చుకుంటోంది. చాలా తెలివైన పిల్ల. ఆ సంగతి ఆమెకీ బాగా తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది.

పిల్లవాడి పేరు ఢిల్లేశ్వరరావు. అయిదేళ్లవాడికి అంత పేరు మొయ్యడం కష్టం కాబట్టి వార్డంతా ఢిల్లేసు అనేవారు. రోజుకి నలభైసార్లు వాడి తల వాలిపోయేది. చేతులు ఒక్కసారి ఎగిరిపడేవి. కొన్ని క్షణాలు వాడు ఎక్కడికో పోయి వచ్చేవాడు. అలా పోయి వచ్చీ వచ్చీ, నేర్చుకున్న నాలుగు మాటలూ మరిచిపోయాడు. పడి పడి నుదుటి నిండా కుట్లే. అయిదు రకాల మందులు అయ్యాయి. ఆపరేషన్ చేసే డాక్టర్లు స్కానులన్నీ చూసి, ఫిట్స్ మెదడులో రెండు వైపులా పుడుతున్నాయి, ఎక్కడని కొయ్యమంటారు అని పంపేశారు.

ఇక మిగిలింది కీటో డైట్. అన్నం లేదు, పంచదార లేదు, పండు లేదు. వెన్న, మీగడ, కొబ్బరినూనె, కాస్త గుడ్డు, అంతా తూకం ప్రకారం. ఒంట్లో చక్కెర బదులు కొవ్వు ఖర్చయితే కొందరు పిల్లలకి ఫిట్స్ తగ్గుతాయి. మొదటి నెల ఢిల్లేసుకి సగానికి తగ్గాయి. ఆ నెలంతా హంసిని కాళ్లు నేల మీద నిలవలేదు. రెండో నెల మళ్లీ పెరిగాయి. నాలుగో నెలకి మళ్లీ నలభై. వాణ్ణి తిరిగి వార్డులో చేర్చుకున్నారు. ఆమె తూకం మిషను మార్చింది, నూనె మార్చింది, కొలతలన్నీ మొదటినుంచీ సరిచూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు.

సోమవారం వాడి మూత్రంలో ముంచిన కాగితప్పట్టీకి రావలసిన రంగు రాలేదు. అంటే తినకూడనిదేదో తిన్నాడన్నమాట. నిజం చెప్పాలంటే, ఆ పట్టీ చూడగానే హంసినికి కోపం కన్నా ముందు ప్రాణం తేలికపడింది. కారణం దొరికింది.

"ఏం పెట్టావమ్మా వాడికి?"

తల్లి పైడితల్లి దాచలేదు. "నాను తింతంటే నా కంచంలోకి సెయ్యి సాపినాడు మేడం. ఇన్నాళ్లలో ఆడు ఏదీ అడగనేదు. ఒక్క ముద్దే ఎట్టినాను. పప్పన్నం."

"ఇన్ని ఫిట్స్ రావడానికి కారణం నువ్వే. నీ చేత్తో నువ్వే చేసుకున్నావు," అంది హంసిని, వార్డంతా వినేలా.

ఆ మధ్యాహ్నం నుంచి పైడితల్లి కొడుక్కి తిండి పెట్టడం మానేసింది. వేళకి నర్సుని పిలిచేది. నర్సు స్పూనుతో వెన్నా మీగడా పెడుతుంటే వాడు మొహం తిప్పుకునేవాడు. తల్లి గోడవైపు తిరిగి కూర్చునేది. తను తినడం కూడా దాదాపు మానేసింది.

గురువారం వార్డుకి వచ్చినప్పుడు ఇమ్మానుయేలు గారు అది చూశారు.

"నువ్వు పెట్టడం లేదేమమ్మా?"

"నా సెయ్యి మంచిది కాదు బాబూ."

ఆయన హంసిని వైపు చూడలేదు. మంచానికి తగిలించిన చార్టు తీసుకుని, మొదటి నెల నుంచి ఆ రోజు దాకా నిదానంగా చదివారు. మళ్లీ దాన్ని అక్కడే తగిలించారు.

"డైట్ ఆపేద్దాం," అన్నారు. "హంసినీ, క్యాంటీన్‌లో పప్పన్నం ఉంటుంది. ఒక ప్లేటు పట్టుకురామ్మా."

"ఒక్కసారిగా ఆపెయ్యడమా సార్?"

"వాడు మన కళ్ల ముందే ఉంటాడు. నేను చూసుకుంటాను. పట్టుకురా."

ఆమె తెచ్చింది. ఆయన చేతులు కడుక్కుని మంచం అంచున కూర్చున్నారు. ఢిల్లేసుని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, అన్నం మెత్తగా పిసికి, ఉసిరికాయంత ముద్ద నోటికి అందించారు. వాడు మొదటి ముద్ద మింగకుండానే రెండోదానికి నోరు తెరిచాడు. చుట్టుపక్కల మంచాల దగ్గరున్న తల్లులందరూ పని మాని చూస్తున్నారు. హంసిని చార్టు పక్కన నిలబడి చూస్తోంది.

ఆరో ముద్దకి తల వాలింది. చేతులు ఎగిరి ప్లేటుకి తగిలాయి. సగం పప్పన్నం ఆయన తెల్ల చొక్కా మీద పడింది. ఆయన వాణ్ణి పక్కకి తిప్పి పట్టుకుని, అది పోయేదాకా కదలకుండా కూర్చున్నారు.

తర్వాత పైడితల్లిని అడిగారు. తప్పు చేసినవాడు అడిగినట్టే అడిగారు.

"నా చేత్తోనే పెట్టానమ్మా. నా వల్లే వచ్చిందా?"

"అయ్యో, మీ వల్లెందుకొస్తాది బాబూ!" ఆమె గబుక్కున అంది. "మీరేటి సేసినారు? ఆకలేసినోడికి అన్నం ఎట్టినారు. అదొచ్చే యేళకి అదొచ్చింది. అన్నం ఎడితే ఎక్కడైనా..."

అక్కడ ఆగిపోయింది. తన కుడిచేతి వంక చూసుకుంది. మూడు రోజులుగా దాచుకున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది, పక్క వార్డుకి కూడా వినిపించేంత. ఇమ్మానుయేలు గారు ఆమెని ఓదార్చలేదు. పిల్లవాణ్ణి ఆమె ఒళ్లో పెట్టి, ప్లేటు ఆమె ముందుకి జరిపి లేచారు.

వరండాలో కుళాయి దగ్గర ఆయన చొక్కా కడుక్కుంటుంటే హంసిని వెనకాలే వచ్చి నిలబడింది.

"ఇంక మన దగ్గర ఏముంది సార్?"

"ఇంకో మందు ఉంది. వాడదాం. తగ్గుతుందని నాకైతే ఆశ లేదు."

ఆమె అడిగింది. "డైట్ పనిచెయ్యడం లేదని మీకు ముందే తెలుసా సార్? ఆ ముద్దకి ముందే?"

"నీకూ తెలుసు కదమ్మా," అన్నారాయన.

హంసిని వార్డులోకి తిరిగి వచ్చింది. పైడితల్లి కొడుక్కి ముద్దలు పెడుతోంది. ముద్ద నోట్లో ఉండగానే వాడి తల మళ్లీ వాలింది. ఆమె వాణ్ణి పక్కకి తిప్పింది. జారిన మెతుకులు కొంగుతో తుడిచింది. ఆగింది. వాడు కళ్లు తెరిచి తనని గుర్తుపట్టాక, ఇంకో ముద్ద కలిపింది.