మూడు పండగలకు రాని పిల్లలు

సూదమ్మ మూడు పండగలు పెట్టింది. మూడింటికీ ఒక్క పిల్ల కూడా రాలేదు. తప్పు పిల్లలది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే సూదమ్మ చాలా రోజులు తప్పు పిల్లలదే అనుకుంది.

ఇక వినండి. అనగనగా ఒక అడవిలో, ఒక గుట్ట కింద, ఒక గుహ. గుహ నిండా తాటాకు పుస్తకాలు. అది ఆ అడవికి గ్రంథాలయం. దాన్ని చూసుకునేది సూదమ్మ అనే ఏదుపంది. తన ఒంటి మీద నుంచి రాలిన ముల్లుతోనే తాటాకు మీద రాసేది. రాసిన అక్షరాలకు మసి పూసేది. చెదలు పట్టకుండా వరసల మధ్య వేపాకు పెట్టేది. పుస్తకం గుమ్మం దాటకూడదని వాళ్ళమ్మ నియమం పెట్టింది. పుస్తకంతో పాటు సూదమ్మ కూడా గుమ్మం దాటడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆమెకు కావలసిన దుంపలు గుహ లోపలి మట్టిలోనే దొరికేవి.

ఏడాదిలో ఒక్క నెల ఆ గుహ నిండిపోయేది. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని నెల అది. కుందేలు పిల్లలు, ముంగిస పిల్లలు, జింక పిల్లలు వచ్చి చాప మీద కూలబడేవారు. తోసుకునేవారు. "అత్తా, వీడు నా తోక మీద కూర్చున్నాడు" అని ఫిర్యాదులు చేసేవారు. నెల తిరిగేసరికి ఎవరూ ఉండేవారు కాదు. మిగిలిన పదకొండు నెలలూ గుహలో వేపాకు రాలిన చప్పుడు కూడా వినబడేది. గుమ్మం దగ్గర మట్టిలో పిల్లల అడుగులు అలాగే ఉండేవి. సూదమ్మ అక్కడ ఊడ్చేది కాదు. అడిగిన వాళ్ళకు నడుం నొప్పి అని చెప్పేది.

ఆ ఏడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ప్రతి కాలానికీ ఒక పండగ పెడితే ఏడాది పొడుగునా పిల్లలు వస్తారు కదా? ఎండాకాలానికి వసంతోత్సవం పేరుతో కథల పందిరి. వానాకాలానికి పాటల పోటీ. చలికాలానికి బొమ్మలాట. రోజులు కూడా తనే కుదిర్చింది. ఏ కాలం ఏ రోజున బాగా నిండుగా ఉంటుందో లెక్క చూసింది. ఆ రోజులకు గుహ గోడ మీద ముల్లుతో మూడు గీతలు గీసింది.

పిల్లలు తప్పకుండా రావాలని ఒక ఎర కూడా వేసింది. నెల చివరి రోజున నదిని మూట కట్టిన నక్క కథ మొదలుపెట్టింది. ఒక నక్కకు నది మొత్తం తనకే కావాలనిపించింది. మోదుగాకులు కుట్టి, నదిని మూట కట్టి, నెత్తిన పెట్టుకుంది. నడిచి నడిచి అలిసిపోయింది. మూటను దించి దాని మీదే కూర్చుంది. అప్పుడు మూటలోంచి ఒక గొంతు, "లే, నాకు ఊపిరాడటం లేదు" అంది.

సూదమ్మ తాటాకు కట్ట కట్టేసింది.

"ఎవరత్తా ఆ గొంతు?" అంది గురివింద.

గురివింద ఎలుగుబంటి పిల్ల. నల్లగా ఉండేది. పుట్టలు తవ్వీ తవ్వీ ముక్కుకు ఎప్పుడూ ఎర్రమట్టి అంటుకుని ఉండేది. అందుకే ఆ పేరు. చాప మీద పిల్లలందరిలోకీ పెద్దది. ఒక మూలన కూర్చుంటే ఇద్దరి చోటు పట్టేది.

"పండగ రోజు చెప్తాను. వచ్చిన వాళ్ళకే," అంది సూదమ్మ.

"అత్తా, వచ్చే చలి నాటికి నేను పెద్దదాన్నయిపోతాను. ఎలుగులు పెద్దయితే కొండ దాటి అటువైపు పోవాలి. మళ్ళీ రాము. అప్పటికి చెప్పేస్తావు కదా?"

"ఏడాదిలో మూడు పండగలే గురివిందా. ఒక్కదానికైనా రాలేవా?"

"ఒక్కదానికేం, మూడింటికీ వస్తాను," అంది గురివింద.

చాటింపు పని వడ్రంగిపిట్ట టకటకయ్యది. ఎండు మాను మీద ముక్కుతో డప్పు కొట్టి, "ఫలానా పొద్దున వసంతోత్సవం, కథల పందిరి, గుహ దగ్గర" అని అడవంతా చెప్పొచ్చాడు. ఒక కుందేలు పిల్ల వాళ్ళమ్మను, "వసంతం అంటే ఎవరమ్మా, కొత్తగా వచ్చిందా?" అని అడిగిందట.

పండగ పొద్దు వచ్చింది. సూదమ్మ తెల్లవారకముందే పందిరి వేసింది. చాప దులిపింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరూ రాలేదు. మర్నాడు దిబ్బడు తాత వచ్చాడు. అతను తాబేలు. ఎక్కడికైనా ఒక రోజు ఆలస్యంగానే చేరతాడు.

"అందరూ వెళ్ళిపోయారా?" అన్నాడు తాత.

"వస్తేగా వెళ్ళడానికి."

"నేను చూశానమ్మాయ్. ఇప్పచెట్ల కింద ఉన్నారు అందరూ. ఇప్పపూలు తెల్లారగట్లే కదా రాలేది..."

"కథ కంటే పూలు ఎక్కువయ్యాయన్నమాట," అంది సూదమ్మ. తాత ఇంకేదో అనబోయాడు. ఆమె పందిరి విప్పడానికి లోపలికి వెళ్ళిపోయింది.

వానాకాలానికి తొలకరి మర్నాటి సాయంత్రం కుదిర్చింది. టకటకయ్య డప్పు కొట్టాడు. వాన ఆగింది. నేల చల్లబడింది. సూదమ్మ పాటల తాటాకులు వరసగా పరిచింది. ఒక్కరూ రాలేదు. ఎవరైనా ఒక్క పాదం గుమ్మంలో పెట్టినా ఆ పూటకు కథ అంతా చెప్పేసేదేమో. మర్నాడు దిబ్బడు తాత ఒళ్ళంతా బురదతో వచ్చాడు.

"పుట్టల దగ్గర ఉన్నారమ్మాయ్. ఉసిళ్ళు లేచాయి. రెక్కల పురుగులు ఆకాశమంతా..."

"తాతా, నువ్వు వచ్చింది పాటలకా, పురుగుల కబుర్లకా?"

"పాటలకే. కానీ దారి పొడుగునా కళ్ళు తెరిచే నడిచాను," అన్నాడు తాత.

రెండు రోజుల తర్వాత గురివింద ఒక్కతే వచ్చింది. కొంచెం పొడుగైంది. గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. చాప మీద తన మూల వైపు చూసింది.

"అత్తా, ఇవాళ ఏ పనీ లేదు. చెప్పవా?"

సూదమ్మ గుండె ఎగిరింది. కానీ మొహం మామూలుగానే పెట్టింది. "పండగకు రాలేదుగా?"

"ఆ సాయంత్రమే ఉసిళ్ళు లేచాయి. ఏడాదికి ఒక్కసారి లేస్తాయి."

"పురుగులు ముఖ్యమా, పుస్తకం ముఖ్యమా?"

గురివింద ఆలోచించింది. "తిండి అత్తా అది," అంది.

తాటాకు కట్ట సూదమ్మ చేతికి అందేంత దూరంలోనే ఉంది. చెప్పాలనే ఉంది. కానీ ఇవాళ చెప్పేస్తే చలికాలం పండగకు ఎవరు వస్తారు? పెట్టిన నియమం పోతే ఇంకేం మిగులుతుంది?

"మాటంటే మాటే. బొమ్మలాట రోజు రా. అందరితో పాటు చెప్తాను," అంది.

"సరే అత్తా," అంది గురివింద. వెళ్తూ వెళ్తూ చాప మీద ఒకసారి కూర్చుని లేచింది. ఇప్పుడు ముగ్గురి చోటు పట్టింది.

చలికాలం వచ్చింది. సూదమ్మ ఎండుగడ్డితో బొమ్మలు కట్టింది. నక్క బొమ్మ, మూట బొమ్మ కూడా కట్టింది. అన్నిటికంటే ముందు గురివింద కూర్చునే మూల చాపను సాపు చేసింది. మంచు విడిపోయింది. ఎండ ఎక్కింది. ఎండ దిగింది. మూట బొమ్మ అక్కడే ఉంది.

మర్నాడు దిబ్బడు తాత వచ్చేసరికి సూదమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఎక్కడున్నారు తాతా?" అంది. అడగడం అదే మొదటిసారి.

"రేగుపొదల్లో. మూడుసార్లూ వాళ్ళు నాకు దారిలోనే కనబడ్డారమ్మాయ్. నువ్వు కాలం నిండిన రోజు చూసి పండగ పెడతావు. కాలం నిండిన రోజున పిల్లలు కాలంలోనే ఉంటారు, గుహలో ఎందుకుంటారు? ఆ రేగుపళ్ళు అయిపోయి, ఇప్పపూలు ఇంకా రాని నెలలో చెట్ల మీద ఏమీ ఉండదు. అప్పుడు నీ దగ్గరికే వస్తారు. నీకు అది ఎప్పుడూ తట్టలేదా?"

తట్టలేదు. బయటికి వెళ్తే కదా తట్టడానికి.

సూదమ్మ నక్క కథ కట్ట తీసి వీపు మీద ముళ్ళకు గుచ్చుకుంది. గుమ్మం దాటింది. వాళ్ళమ్మ నియమం ఆ అడుగుతో పోయింది. ఏమీ కూలిపోలేదు.

రేగుపొదల దగ్గర పిల్లలందరూ ఉన్నారు. మూతులు పుల్లగా ముడుచుకుని ఉన్నాయి. సూదమ్మను చూసి ఒక ముంగిస పిల్ల పండు మింగేసి, గింజ కూడా మింగేసింది.

"అత్తకు కాళ్ళున్నాయిరోయ్," అంది పక్క వాళ్ళతో.

"గురివింద ఏది?" అంది సూదమ్మ.

"నిన్న మునిమాపు దాకా ఇక్కడే ఉందత్తా. గుహకు వెళ్దామనుకుంది. కానీ వాళ్ళమ్మ కొండ దాటే ముందు కడుపు నిండా తినమంది. తినేసరికి పొద్దుపోయింది. ఇవాళ తెల్లవారుతూనే వెళ్ళిపోయింది."

సూదమ్మ కొండ వైపు చూసింది. కొండ మీద ఏమీ లేదు. చాలాసేపు చూసింది. పిల్లలు తినడం ఆపారు.

"నువ్వు చెప్పలేదని గురివిందక్కే చెప్పేది మాకు," అంది కుందేలు పిల్ల. "ఇప్పచెట్టు కింద ఒకటి చెప్పింది. మూటలో ఉన్నది అమ్మ కోసం వెతుక్కునే చేప పిల్ల అంది. పుట్టల దగ్గర ఇంకోటి. మూటలో ఉన్నది వాన, పైనున్న మబ్బు వాళ్ళమ్మ అంది. నిన్న మూడోది చెప్పింది."

"ఏం చెప్పింది?"

"మూటలో మాట్లాడింది నక్క గొంతేనట. చిన్నప్పుడు నది దాటేటప్పుడు నక్క దాన్ని గట్టు మీదే మర్చిపోయిందట. నది దాన్ని దాచి పెట్టిందట. నక్క మూట విప్పేసింది. నది దాని దారిన అది పోయింది. గొంతు మాత్రం గట్టు మీద ఆడుకుంటూ ఉండిపోయిందట."



"అసలు ముగింపు ఏంటత్తా?" అంది ముంగిస పిల్ల.

సూదమ్మ కట్ట విప్పింది. చదివింది. "మూటలో ఒక కప్ప ఇరుక్కుంది. నక్క లేవగానే బయటికి దూకి వెళ్ళిపోయింది."

"అంతేనా?"

"అంతే."

"కప్ప కోసమా ఏడాది దాచావు?"

 సూదమ్మ వీపు మీద నుంచి ఒక ముల్లు పీకింది. రాలేదాకా ఆగకుండా పీకడం అదే మొదలు. "గురివింద చెప్పింది మళ్ళీ చెప్పండి. నెమ్మదిగా," అంది. మూడు ముగింపులూ కప్ప తర్వాత రాసింది. మసి లేకపోతే నేరేడు బొగ్గు తెచ్చి పిల్లలే పూశారు. ఒక ఆకు మీద రేగుపండు రసం పడింది. ఆమె తుడవలేదు.

వెనకాల ఒక కుర్ర జింక నిలబడి ఉంది. దానికి అప్పుడే కొమ్ములు మొలుస్తున్నాయి.

"కూర్చో," అంది సూదమ్మ.

"నేను చిన్నపిల్లల చాప మీద కూర్చోనత్తా. కొమ్ములొస్తున్నాయి."

"ఇక్కడ చాప ఎక్కడుంది? నిలబడే విను. లేదా సగం కథ నేను చెప్తాను, మిగతా సగం మీ ఈడు వాళ్ళు చెప్పండి."

జింక చెవులు నిక్కపొడుచుకుంది. ఆ తర్వాత నుంచి కొమ్ములు, కోరలు వచ్చే ఈడు పిల్లలకు పని అదే అయింది. వాళ్ళు చెప్పే సగంలో పోట్లాటలు ఎక్కువ. అయినా అడవి మొత్తం వినేది.

సూదమ్మ ఇంకో పని చేసింది. నాలుగు ముగింపులతో కథ అంతా ఇంకో కట్ట మీద రాసి, కొండ కనుమ దాకా నడిచింది. రెండు రోజులు పట్టింది. అక్కడ బండ మీద పెట్టి, గాలికి ఎగరకుండా రాయి పెట్టింది. వానలకు ముందు వెళ్ళి చూస్తే కట్ట లేదు. రాయి పక్కకు పెట్టి ఉంది. ఎవరు పెట్టారో ఆమె ఎవర్నీ అడగలేదు. కొండకు అటువైపు ఏ చప్పుడైనా వినబడుతుందేమోనని కాసేపు నిలబడింది. వినబడలేదు. దిగి వచ్చేసింది.

గుహ గోడ మీద పాత గీతలు మూడూ గీకేసింది. ఇక ఏ పండగకైనా ముందు తనే బయటికి వెళ్ళాలని, పిల్లలు ఎక్కడున్నారో చూసి, వాళ్ళను అడిగి, ఆ తర్వాతే గీత గీయాలని నిర్ణయించుకుంది. ఇప్పపూల కథ ఇప్పచెట్టు కిందే, ఉసిళ్ళ పాట పుట్టల దగ్గరే. చెట్ల మీద ఏమీ లేని నెలలో గుహలో. కథ అడిగిన పిల్లకు అడిగిన రోజే చెప్పాలి. ముసలిదై, నడుం నిజంగానే నొప్పి పెట్టిన రోజుల్లో కూడా, దిబ్బడు తాతతో పాటు ఒక రోజు ముందే బయల్దేరేది. అడగకుండా ఆ గోడ మీద ఇంకో గీత గీయలేదు.

నీతి: పిల్లల్ని పిలవాలంటే ముందు వాళ్ళున్న చోటికి వెళ్ళి అడగాలి, చెప్పాల్సిన కథను అడిగిన రోజే చెప్పాలి, ఎందుకంటే పిల్లలు మన పండగ కోసం ఆగి పెరగరు.