ఏటి అవతలి అద్దకపువాడు

ఏటి అవతలి గట్టున తనంతటి అందగాడు, పాటగాడు, పనిమంతుడు లేడని అద్దకం ఓబులేసు చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ గట్టున ఉండేది అతనొక్కడే.

ఒకసారి ఉత్సవం జెండాలకని ఆస్థాన పండితుడు ఆరు గుడ్డల మీద ఆరు రంగుల పేర్లు మైనంతో రాసి, ఏ పేరుంటే ఆ రంగు అద్దమని పంపాడు. ఓబులేసు అద్ది తెచ్చినవి చూసి సభంతా గొల్లుమంది. మైనం ఉన్నచోట రంగు అంటక తెల్లగా తేలిన అక్షరాలు ‘ఎరుపు’ అంటుంటే జెండా నీలంగా ఉంది. ‘పసుపు’ అన్నది ఆకుపచ్చగా ఉంది. మిగతావీ అంతే.

“వీణ్ణి రాజ్యం దాటించండి ప్రభూ!” అన్నాడు పండితుడు.

“కోప్పడకండి సామీ,” అన్నాడు ఓబులేసు. “ ఒక్కసారి చూస్తే మరిచిపోనంటారుగా, ఇది తమకే పరీక్ష. ఓసారి చూసి, అటు తిరిగి, రంగులు వరసగా చెప్పండి. చెబితే నేనే పోతాను.”

పండితుడు చూసి, అటు తిరిగాడు. “ఎరుపు... కాదు, నీలం... పసుపా?” చెమటలు పట్టాయి. “ఇది ఎవడి తరం? నువ్వు చెప్పరా చూద్దాం!”

రాజు స్వయంగా జెండాల వరస మార్చాడు. ఓబులేసు ఒక్క చూపు చూసి, వీపు తిప్పి, గడగడా చెప్పేశాడు.

రాజు పగలబడి నవ్వాడు. “నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. ఆ రాతలు నిన్నెందుకు తికమక పెట్టలేదురా?”

ఓబులేసు తల గోక్కున్నాడు. “పరీక్షా లేదు, పాడూ లేదు ప్రభూ. నాకు చదువు రాదు. ఏ గుడ్డ మీద ఏముందో అడుగుదామని గట్టంతా తిరిగాను. చదివిపెట్టేందుకు అక్కడ ఎవరూ లేరు.”