ఏ గీతకు?

అనగా అనగా, మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పేనాటికే పాతబడిన ఒకానొక కాలంలో, ఏటిగట్టున ఏడిళ్ళ మేదరపేట ఉండేది. ఆ ఏడిళ్ళలో చివరి ఇల్లు ఓబుళవ్వది. వెదురు చీల్చి బుట్టలు, చేటలు, జల్లెడలు అల్లి ఊరూరా ఇచ్చి రావడం ఆమె వృత్తి. నా అన్నవారు ఆమెకు లేరు.

ఒకనాడు ఆమె ఏటి అవతలి పెద్దింటికి చేటలు తీసుకుపోయింది. అక్కడ వసారాలో, పంజరంలో ఒక రామచిలుక కనిపించింది. చిలుక అనడానికి తలమీది పచ్చదనం, ముక్కున ఎరుపు తప్ప మరేమీ మిగలలేదు. మెడ మొదలు తోక దాకా తన ఈకలను తానే పీక్కొని, తడిసిన పసికందు వలె ముడుచుకొని ఉంది. బోడిచిలుక ఇంట ఉంటే అరిష్టమని, దాన్ని దిబ్బమీద వదిలి రమ్మని ఇంటికోడలు పాలేరుకు చెబుతోంది. ఎగరలేని పిట్టను దిబ్బమీద వదలడమంటే పిల్లికి వేయడమే. ఓబుళవ్వ తన గంప దించి అతని ముందు పెట్టింది.

"కూర వండుకుంటావా అవ్వా? ముక్కకు కూడా చాలదు" అని పాలేరు నవ్వాడు.

"ఒంటిమీద ఈకైనా లేనిదాన్ని నీ నోటితో ఇంకేం ఒలుస్తావులే నాయనా" అని, ఆమె చిలుకను గంపలో పెట్టుకొని ఇల్లు చేరింది.

మొదట పురుగు పట్టిందేమో అనుకొని వేపాకు కాచిన నీళ్ళు చిలకరించింది. చిలుక ఈక పీక్కుంది. తరువాత తిండి చాలదేమో అనుకొని నానిన సెనగలు, జామపండు పెట్టింది. చిలుక ఈక పీక్కుంది. ఆ తరువాత పంజరం ఇరుకేమో అనుకొని, గుమ్మానికి ఎదురుగా వెదురుదండెం కట్టి దానిమీద కూర్చోబెట్టింది. అయినా చిలుక ఈక పీక్కుంది.

ప్రతి ఉదయమూ ఆమె గంప ఎత్తుకొని, "పోయొస్తా తల్లీ" అని చెప్పి గడప దాటేది. గడప దాటేవారు 'పోతున్నా' అనరాదని తల్లి నేర్పిన మర్యాద అది. తిరిగి వచ్చేసరికి దండెం కింద పచ్చని నూగు రాలి ఉండేది.

ఒక ఉదయం అలాగే చెప్పి నాలుగడుగులు వేసింది. గంప నెత్తిన కుదురుకోలేదు. చుట్టకుదురు మరిచానని వెనుదిరిగి వచ్చేసరికి, చిలుక అప్పుడే మొలిచిన ఈకను ముక్కుతో పట్టి లాగుతోంది. నెత్తురు చుక్క మెరిసింది. ఓబుళవ్వ అమ్మకం మానుకొని నేరుగా పెద్దింటికి పోయింది. ఆ చిలుకను పెంచింది ఎవరని ఇంటికోడలిని అడిగింది. తన మామగారేనని, ఆయన కాశీకి పోయి తిరిగి రాలేదని ఆమె చెప్పింది.

"పోయేటప్పుడు దీనితో ఏమన్నాడమ్మా?"

"ఏమంటాడవ్వా, అందరూ అనేదే. పోయొస్తా చిలకా అన్నాడు, బండెక్కాడు. మూడేళ్ళయింది."

ఓబుళవ్వకు అప్పుడు తెలిసింది. మంచిమాట అనుకొని తాను రోజూ దాని పుండు మీదనే వేలు పెట్టింది. 'పోతా' అనరాదు. 'పోయొస్తా' అంటే ఇది నమ్మదు. మరునాడు ఆమె సున్నపుకాయ తీసి, వేలితో గడపమీద ఒక గీత గీసింది.

"చూరునీడ ఈ గీతను తాకేసరికి నీ ముందుంటా" అన్నది.

నీడ గీతను తాకింది. ఓబుళవ్వ వచ్చింది. రెండోనాడు తాకింది. వచ్చింది. మూడోనాడూ తాకింది. వచ్చింది. సంతలో సగం బుట్టలు మిగిలినా లేచి వచ్చేది. ఇంట్లో కొత్తమొగుడు ఎదురుచూస్తున్నాడా అని తోటి ఆడవాళ్ళు ఎకసెక్కం చేసేవారు. చూస్తున్నాడు, ఇప్పుడిప్పుడే ఈకలొస్తున్నాయి అని ఆమె బదులు చెప్పేది. నూగు వచ్చింది. పచ్చదనం వచ్చింది. ఇక మెడచుట్టూ కంఠహారం వంటి ఎర్రని వలయమొక్కటే రావలసి ఉంది.

అంతలో పెద్దింట పెళ్ళి వచ్చింది. తలంబ్రాలకు కొత్త బుట్టలు కావాలన్నారు. ఓబుళవ్వ గీత గీసింది, మాట చెప్పింది, ఏరు దాటింది. ఆనాడు ఆకాశం నిండా మబ్బు. ఎండ కాయకపోతుందా అనుకున్నది. బుట్టలు అప్పగించి వచ్చేస్తుంటే ఇంటికోడలు చెయ్యి పట్టుకుంది. ఏ పెళ్ళిలోనూ ఓబుళవ్వను పిలిచి పంక్తిలో కూర్చోబెట్టినవారు లేరు.

"పాయసమైనా తిని పో అవ్వా. ఇంకా పొద్దెక్కనే లేదు" అన్నదామె.

నీడ లేదు. పొద్దు ఎంత వాలిందో తెలియలేదు. ఓబుళవ్వ విస్తరి ముందు కూర్చుంది. పాయసం ఒకసారి వడ్డించారు, తిన్నది. రెండోసారి వడ్డించారు, తిన్నది. మూడోసారి వడ్డించారు, కాదనలేకపోయింది. లేచి వచ్చేసరికి పైన ఎక్కడో కురిసిన వానకు ఏరు గట్లు ఒరుసుకొని పారుతోంది. మూడు రోజులు వరద తీయలేదు.

నాలుగోనాడు ఏటినీరు మోకాలికి దిగగానే ఆమె దాటింది. గడపమీద గీత ఉంది. గీతమీద నీడ ఉంది. దండెం కింద పచ్చదనమంతా కుప్పగా ఉంది. పెట్టిపోయిన సెనగలు పెట్టినట్టే ఉన్నాయి. ఆమె చిలుకను ఒడిలోకి తీసుకుంది. అన్నాళ్ళూ ఒక్క పలుకు పలకని చిలుక, ఆమె ముఖం చూసి, అచ్చం ఆమె గొంతుతోనే "పోయొస్తా" అన్నది.

పోయింది. రాలేదు.

ఆ తరువాత ఓబుళవ్వ చాలా ఏళ్ళు బతికింది. ఖాళీదండేనికి చెప్పి, గీత గీసి, నీడకు ముందే ఇల్లు చేరేది. తీపి ముట్టలేదు. ఎవరైనా పెట్టబోతే, ఆనాటి పాయసం నోట్లో ఇంకా కరగలేదమ్మా అనేది. ఆఖరినాడు పొరుగింటి కోడలిని పిలిచి, "గడపమీది గీత తుడిచెయ్యి. ఈసారి ఏ గీతకూ రాను" అని కన్నుమూసింది.

అందుకే ఆ ఏటిగట్టున ఇప్పటికీ ఎవరైనా గడపలో నిలిచి 'పోయొస్తా' అంటే, ఇంట్లోనివారు "ఏ గీతకు?" అని అడుగుతారు. పోయేవారు వెనుదిరిగి, సున్నపు వేలితో గీత గీసి మరీ పోతారు. ఎవరైనా కాలం చేస్తే, పాడె లేవకముందే తడిగుడ్డతో ఆ గీత తుడుస్తారు. మబ్బు పట్టిన రోజున మాత్రం ఎవరూ గీత గీయరు. "పాయసం దగ్గర కూర్చోకు" అని చెప్పి పంపి, వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంటారు.