ధర్మకొట్టులో నల్ల శాలువా

పిట్టలకోట రాజు కొండలరాయుడికి ఒకనాడు పొద్దున్నే ఓ బుద్ధి పుట్టింది. మారువేషంలో వెళ్లి తన ధర్మకొట్టులో తనే బేరమాడాలని.

ధర్మకొట్టంటే ఆయన పెట్టిందే. ఉన్నవాళ్లు బట్టలూ సామానూ దానంగా ఇస్తారు. కొట్టువాళ్లు వాటిని చవగ్గా అమ్ముతారు. ఆ డబ్బుతో గంజి చావిడి నడుస్తుంది. ఊళ్లో సగం ముసలీ ముతకా ఆ గంజి మీదే బతికేవాళ్లు. ఎంత చిక్కటి గంజి అనుకున్నారు! గరిటె నిలబెడితే మర్నాటిదాకా నిటారుగా ఉండేది.

రాజు మీసాలకి పిండి పూసుకుని వెళ్లాడు. కొట్టులో ఏముంది? ఒక ఎడమ చెప్పు, మూత లేని కూజా, కూజా లేని మూత.

"మొన్న నేనిచ్చిన పట్టు తలపాగా ఏదిరా?" అని అరవబోయి, వేషం గుర్తొచ్చి దగ్గి ఊరుకున్నాడు.

కొట్టు చూసుకునేది రాణిగారి అన్న భీమలింగ ప్రెగడ, ఆయనతోపాటు పెద్దిళ్లవాళ్లు కొందరు. జీతం లేదు, సేవ. ఆ సేవ చేసి చేసి భీమలింగం ఎంత ఒళ్లు చేశాడంటే, పల్లకీ బోయీలు ఆయన్ని చూస్తే జ్వరం తెచ్చుకునేవారు.

సభలో రాజు సంగతి కదిపాడు.

"జనానికి దానబుద్ధి చచ్చింది బావగారూ! అంతా చెత్తే ఇస్తున్నారు," అన్నాడు భీమలింగం. "ఆ గంజి చావిడి మూసేయండి. ఊరికే పాడుబడకుండా నా గుర్రాలు కట్టుకుంటాను."

రాజు పక్కన తమలపాకుల అడపం పట్టుకుని గంగసాని నిలబడి ఉంది. రాజు నోటికి ఆకూ, తన నోటికి మాటా ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే మనిషి.

"చెత్తేనా బాబూ? మరి తమరు ఖాళీ చేతుల్తో కొట్టుకెళ్లి మూటతో ఇంటికొస్తారేం?"

"పనికిరానివి మోసుకుపోతున్నాం! అయినా ఊరికే చాకిరీ చేస్తున్నాం, ఒకటీ అరా తీసుకుంటే తప్పా?"

"ఇచ్చినవాళ్లు మీ మొహం చూసి ఇచ్చారా, గంజి తాగేవాళ్ల మొహం చూసి ఇచ్చారా?"

భీమలింగం వంకాయ రంగుకి తిరిగాడు. రాజు ఇద్దరినీ చూసి తల గోక్కున్నాడు.

"గంగసానీ, మంచి వస్తువులు ఎటు పోతున్నాయో ఆదివారానికల్లా తేల్చు. ఇళ్లు సోదా చేయకూడదు. కాపలా పెట్టకూడదు. ఎవర్నీ దొంగ అనకూడదు. రాణిగారి పుట్టిల్లు, నాకు అన్నం పుట్టదు! తేల్చకపోతే చావిడీ మూత, నీ కొలువూ మూత."

గంగసాని ఆకు చుట్టి అందిస్తూ రాజు చెవిలో అంది: "మీ నల్ల శాలువా, శనివారం పొద్దున్న మీ తలస్నానం. ఈ రెండూ చాలు ప్రభూ."

ఆ శాలువా సంగతి చెప్పాలి. ఉంగరంలోంచి దూరుతుందని అందరూ అంటారు. నన్నడిగితే చీమ చెవిలోంచి కూడా దూరేది. జరీ అంచు మీద బండి తోలుకోవచ్చు.

శనివారం రాజు మోకాలి నొప్పికి మూలుగుతూనే తలంటుకుని, శాలువా చెంగున నల్ల నువ్వులు మూటగట్టి, ఆస్థాన జ్యోతిష్కుడు మంత్రం చెబుతుంటే దానమని వదిలేశాడు. దాసీ దాన్ని పాతబట్టల్లో చుట్టి కొట్టు వెనక గదిలో పడేసి వచ్చింది.

అసలు పని జరిగేది ఆ వెనక గదిలోనే. మూటలు విప్పి, ఏది అమ్మాలో ఏది పారెయ్యాలో ఏరేది అక్కడే. శాలువా గడప దాటిందో లేదో, "అబ్బే, ఇది కొట్టుకి పనికిరాదు" అంటూ ఒక చంక కిందకి వెళ్లిపోయింది.

ఆదివారం సభ నిండింది.

"మోకాలి నొప్పి ఎలా ఉంది ప్రభూ?" అంది గంగసాని గట్టిగా.

రాజు సింహాసనం మీంచి కోడిపుంజులా దూకాడు. "పోయింది! దూదిలా ఉన్నాను!"

"పోదా మరి?" అన్నాడు జ్యోతిష్కుడు. "తమ ఏలినాటి శనిని నల్ల శాలువాకి కట్టి దానం ఇచ్చాంగా. ఆ దానం పట్టినవాడికి పోయింది."

సభలో ఓ మూల భీమలింగం తన మోకాలు పట్టుకున్నాడు.

"అయ్యో, ఏ బీదవాడు కొన్నాడో!" అంది గంగసాని.

"కొన్నవాడికేం కాదు. వెల కట్టాక అది దానం కాదు, సరుకు. ఊరికే పట్టుకెళ్లినవాడికే ఏడున్నరేళ్లూ!"

"అవును మరి!" అందుకుంది గంగసాని. "గజ్జి పోవాలని ఇచ్చిన గిన్నెలు, పీడకలలు పోవాలని ఇచ్చిన పరుపులు... ఆ కొట్టుకి రానిదేముంది!"

పెద్దిళ్లవాళ్లంతా బరబరా గోక్కోవడం మొదలెట్టారు. దండనాయకుడి భార్య చేతి మురుగులు నిప్పుల్లా విసిరేసింది.

భీమలింగం గొంతు పీలగా వచ్చింది. "ఇప్పుడు... ఇప్పుడు వెల కడితే చెల్లుతుందా?"

"కట్టేదెవరు బావా?" అన్నాడు రాజు.

"నేను కాదు! మా పక్కింటాయన అడగమన్నాడు."

"మీ పక్కిల్లు నా కోటే కదా బావా!"

గంగసాని చేతులు కట్టుకుని ఎంతో వినయంగా అంది:

"చెల్లుతుంది బాబూ. కాకపోతే ఊరి జనం వెనకాల, వరసలో నిలబడి కట్టాలి."

సభ మధ్యలోనే లేచి పరుగో పరుగు! ఇళ్లలోని సామాను మోసుకొచ్చి, ధర్మకొట్టు నుంచి కోట చుట్టూ వరస కట్టారు. పరుపులు, దీపాలు, ఉయ్యాల బల్లలు, ఒకాయనైతే ఏకంగా ద్వారబంధం. వరస చివర భీమలింగం, నెత్తిన రాజుగారి తలపాగా, చంకలో శాలువా. అడిగినదానికి మూడింతలు కడతానని బతిమాలుతున్నాడు. గంజి చావిడికి ఇక తరతరాలకీ లోటు లేదు.

రాజు కిటికీలోంచి చూస్తూ మెల్లిగా అడిగాడు. "గంగసానీ, నాకు పట్టిన శని నిజంగా వదిలిందంటావా?"

"అదుగో ప్రభూ, వరసలో నిలబడి డబ్బు కడుతున్నాడుగా!"

ముందు నవ్వింది పక్కనే ఉన్న రాణిగారే. ఆ నవ్వులకి కోట పెంకులు ఎగిరి పొరుగు రాజ్యంలో పడ్డాయి. యుద్ధం అనుకుని వాళ్లు తలుపులు వేసుకున్నారు.

రాజు మెడలోని ముత్యాల హారం తీసి గంగసానికి అందించాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"దానమైతే నాకొద్దు ప్రభూ!"

"అయితే కొనుక్కోవే తల్లీ!" అని చెయ్యి చాపాడు రాజు.

గంగసాని అడపం తెరిచి, లేత తమలపాకొకటి ఏరి ఆ చేతిలో పెట్టి, హారం మెళ్లో వేసుకుంది.