నూకాలు తిప్పించిన పడవ

అనగనగా అంటే గోదారి నవ్వుతుంది, "అంతకు ముందునుంచే ఉన్నానోయ్" అని. సరే, గోదారి పుట్టాక, మన తాతల తాతలు పుట్టకముందు, కొండల నడుమ ఓ పడవోళ్ళ పల్లె. ఆ పల్లెలో నూకాలని ఓ ముసల్ది. ఆవిడ పనేంటంటారా? పడవలోకి ఎక్కిన నీళ్ళు సొరబుర్రతో తోడి పారబొయ్యడం. తోడు, పొయ్యి. తోడు, పొయ్యి. పూటకి ఇంత గంజి.

పల్లెకి దిగువన ఏరు ఇరుకైపోయి ఉరకలేసేది. అక్కడ మూడు బండలు: అక్క, చెల్లి, అత్త. అక్కని బతిమాలి దాటొచ్చు. చెల్లిని బుజ్జగించి దాటొచ్చు. అత్తని దాటడం ఎవరి తరం? వరదొస్తే అటు పడవే కదిలేది కాదు.

సరిగ్గా వరదలోనే, పడవ నడిపే సరంగు ఎర్రయ్య కూతురు పైడమ్మకి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసానేమో బండల అవతలి ఊళ్ళో. కొండదారిన రెండు రోజులు. ఎర్రయ్య కూతుర్ని పడవలో పడుకోబెట్టి చుక్కాని పట్టాడు. తెడ్లకి నలుగురు. వెనకాల పడవ తోకన నూకాలు.

"ఎర్రయ్యా, పడవ మూతి ఎగువకి తిప్పు," అంది నూకాలు.

"మూతి తిప్పిన పడవ ఇల్లు చేరదు. నువ్వు నీళ్ళు తోడు, ముసల్దానా!"

అక్క పడవ పక్కని గీరేసింది. "తిప్పు," అంది నూకాలు. "తోడు," అన్నాడు ఎర్రయ్య.

చెల్లి పడవ అడుగు పలక చీల్చేసింది. మోకాలిలోతు నీళ్ళు. "నాయనా, నా బిడ్డ!" అని పైడమ్మ ఒకటే ఏడుపు.

నూకాలు సొరబుర్ర కిందపెట్టి లేచింది. "ఒరేయ్, తెడ్లేసేవాళ్ళ వీపులు బండకేసి, కళ్ళు ఇంటికేసి! వీపుకి కళ్ళుంటాయట్రా? ఈ హోరులో నీ కేక వినపడి ఏడిచేనా? మూతి తిప్పు. నలుగురూ బండని చూస్తారు. ఎగువకి లాగితే పడవ నెమ్మదిస్తుంది. దింపే పని ఏరు చూసుకుంటుంది."

"ఏటికి ఎదురెయ్యమంటావా?"

"నలభై ఏళ్ళు తోకన కూర్చుని చూశానయ్యా. పడవే తొందరపడి బండని గుద్దింది. బండ ఒక్కనాడైనా ఎదురొచ్చిందా?"

ఎర్రయ్య కూతురి మొహం చూశాడు. చుక్కాని తిప్పేశాడు.

"అదిగో అత్త!" నలుగురూ ఒక్కసారే చూసి అరిచారు. లాగారు, లాగారు, లాగారు. పడవ అత్త కొంగు కూడా తగలకుండా పక్కనుంచి జారిపోయింది. అప్పుడు పడవలోవాళ్ళేసిన కేకలకి కొండలే మారుమోగాయనుకోండి!

పొద్దు వాలకముందే మంత్రసాని చేతుల్లో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఎర్రయ్య వచ్చి నూకాలు కాళ్ళమీద పడ్డాడు.

"అమ్మా, ఇకనుంచి సరంగువి నువ్వే."

"లెగవయ్యా, చాల్లే సంబడం. పడవలో ఇంకా నీళ్ళున్నాయి," అని నూకాలు మళ్ళీ బుర్ర అందుకుంది. తోడు, పొయ్యి.

ఆవిడ పోయిన రోజున పాడె మొయ్యడానికి పడవోళ్ళంతా పోటీపడ్డారు. ఇప్పటికీ అక్కడ ఎంత మొనగాడు సరంగైనా, నీళ్ళు తోడే మనిషి ఎక్కి కూర్చున్నాకే పడవలో కాలు పెడతాడు. బండల దగ్గరకొచ్చాక ఆ మనిషినే అడుగుతాడు, "తిప్పమంటావా, అమ్మా?" అని. తోడేది మీసాలున్న మగాడైనా సరే, అమ్మా అనే అడగాలి.